మూతల మీద ఒట్టు

"ఈ మూత తీసిందెవరు?"

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడేసరికి అల్లుడు హాల్లో పేపరు వెనక్కి తప్పుకున్నాడు. పొయ్యి మీద కూర గిన్నె. దాని మూత పక్కన గట్టు మీద. దొంగెవరో తేల్చడానికి పంచాయతీ అక్కర్లేదు.

"ఏం ఉడుకుతోందో చూద్దామని..." అన్నాడు.

"మీరు చూస్తే ఉడుకుతుందా? ఆవిరంతా పోయింది. విప్పి చూడటం మీ ఉద్యోగం, కాదనను. నా గిన్నెలు మీ బల్ల మీదికి రాలేదుగా అల్లుడుగారూ."

నవ్వు ఆపుకోవడానికి భార్య కిటికీ వైపు తిరిగింది. దాంతో అతనికి ఇంకా మండింది.

"సరే అత్తయ్యగారూ. ఇవాళ్టినుంచి మీ గిన్నె గానీ, డబ్బా గానీ, పెట్టె గానీ, దేని మూతా నేను ముట్టుకోను. ఒట్టు."

"అంత పెద్ద మాటలెందుకు లెండి," అందావిడ మూత పెడుతూ. "మీ చేతులు ఊరుకోవు."

అతను పార్సిల్ ఆఫీసులో తనిఖీ గుమస్తా. జనం తెచ్చిన పెట్టెల్లో ఉన్నవి పైకి తీసి చూడాలి. పంపకూడనివి లేవని తేల్చుకున్నాకే టేపు వేసి ముద్ర కొట్టాలి. తోటివాళ్ళు అతనికి పెట్టిన పేరు ఎక్స్‌రే. ఆ పేరు విన్నప్పుడల్లా విసుక్కున్నట్టు కనబడతాడు గానీ లోలోపల మురిసిపోతాడు.

ఆఫీసులో అడుగు పెట్టగానే మేనేజరు పక్కకి పిలిచాడు.

"ఈ వారం పై ఆఫీసువాళ్ళ రహస్య పరీక్ష ఉందయ్యా. ఎవరో మామూలు మనిషిలా వస్తారు. పంపకూడనిదేదో పెట్టెలో దాచి తెస్తారు. పట్టుకున్నవాడికి సూపర్‌వైజరు కుర్చీ. వదిలేసినవాడికి గోడౌను."

"ఎవరొస్తారు సార్?"

"అది తెలిస్తే నేనే ఎదురెళ్ళి కాఫీ ఇప్పించనూ?"

గోడౌను ఊరి చివర. కిటికీల్లేని రేకుల షెడ్డు. అక్కడ నిలువుకాళ్ళ మీద మూటలు మొయ్యాలి. కిందటేడు అక్కడికి వెళ్ళొచ్చిన గుమస్తా ఇప్పటికీ నడుం మీద చెయ్యి వేసుకునే నడుస్తాడు. ఎక్స్‌రేకి చెమట పట్టింది. సూపర్‌వైజరు కుర్చీకి చక్రాలుంటాయి. ఆ సంగతీ గుర్తొచ్చింది.

ఇక చూసుకోండి. వచ్చినవాళ్ళందరూ అతని కంటికి పై ఆఫీసు మనుషులే. నల్లకళ్ళద్దాల పెద్దమనిషి పంపుతున్న బూట్లలో మడమల దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఒకావిడ మనవరాలికి పంపుతున్న ఏనుగు బొమ్మను పొట్ట నొక్కి, తొండం వంచి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. దర్జీ కుట్టి తెచ్చిన కోటుకి అస్తరు కుట్లు విప్పించాడు.

"జేబులు కూడా ఖాళీయేనండీ," అన్నాడు దర్జీ. "అవి నింపుకోవడం తొడుక్కునేవాళ్ళ పని."

"రూలు రూలే. మా నాన్నొచ్చినా విప్పాల్సిందే."

వరుస గుమ్మం దాటింది. జనం గొణుగుతున్నారు. సరిగ్గా అప్పుడే బల్ల మీదికి నాలుగు వైపులా టేపు వేసిన పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. దాని వెనక అత్తగారు.

"మీరా? ఇంట్లో చెబితే నేనే తెచ్చేవాణ్ణిగా?"

"పర్లేదు, వరుసలోనే వచ్చాను. చూడండి మరి," అంటూ ఆవిడ చేతిసంచిలోంచి కత్తెర తీసి పెట్టె పక్కన పెట్టింది.

ఎక్స్‌రే కత్తెర వైపు చూశాడు. పొద్దున్న భార్య ఆపుకున్న నవ్వు ఇప్పుడు చెవుల్లో గింగురుమంది. ఓహో, నా ఒట్టు గట్టు మీద పెట్టించడానికి ఇంత దూరం వచ్చిందన్నమాట ఈవిడ.

"అక్కర్లేదు అత్తయ్యగారూ."

"విప్పరా?"

"మాటంటే మాటే."

"లోపల ఏముందనైనా అడగరా?"

"మా మరదలికేదో పంపుతుంటారు. నాకెందుకు?"

పెట్టె ఎత్తితే లోపల ఏదో బుడబుడమంది. తలనూనె కాబోలనుకున్నాడు.

"ఇంటి మాట ఇంట్లోదే అల్లుడుగారూ," అందావిడ గొంతు తగ్గించి. "ఇది ఆఫీసు. ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఒట్టు తప్పే మనిషిని కాను నేను," అంటూ చిరునామా కూడా చదవకుండా దభీమని ముద్ర కొట్టాడు.

వేలాడుతున్న అస్తరు పట్టుకుని దర్జీ ఇదంతా చూస్తున్నాడు.

"రూలు వాళ్ళ నాన్నకేనట," అన్నాడు పక్కవాడితో. "అత్తగారికి లేదు."

అత్తగారు కత్తెర సంచిలో వేసుకుంది. నిట్టూర్చి వెళ్ళిపోయింది. ఆ నిట్టూర్పు అతని చెవికి చక్కని సంగీతంలా తోచింది. ఇన్నేళ్ళకి ఆవిడ మీద ఒక ఆట గెలిచాడు.

రాత్రి భోజనాలకి కూర్చున్నారు. కూర గిన్నె మీద మూత ఉంది. అతను దానివైపు కన్నెత్తి చూడలేదు.

"ఏంటండీ, ఇవాళ తెగ హుషారుగా ఉన్నారు?" అడిగింది భార్య.

"నా బల్ల మీదనుంచి ఇవాళ చీమ కూడా తప్పించుకోలేదు. ఈ వారం ఇలాగే గడిచిందంటే కుర్చీ నాదే."

అత్తగారు అతని కంచంలో కూర ఎప్పటికంటే ఒక గరిటె ఎక్కువే వడ్డించింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"రేపట్నుంచి అల్లుడుగారి క్యారియరు గంట ముందే కట్టేద్దామే."

"ఎందుకమ్మా?"

"గోడౌను ఊరి చివర కదే, పరీక్ష చేసి రమ్మని వాళ్ళ పై ఆఫీసువాళ్ళు నా చేతికిచ్చిన పెట్టెను మీ ఆయన విప్పకుండానే పంపేశారని సాయంత్రమే వాళ్ళకి చెప్పేశాను."