కిటికీ కింది దొంగలు

హెడ్మాస్టరు తన గది గుమ్మంలో నిలబడి తొమ్మిదో తరగతి వైపు చూశాడు. ఒళ్ళు మండింది. ఎండవల్ల కాదు, గదిలో కొత్త కూలరు తిరుగుతూనే ఉంది. కిటికీ కింద చేరిన పిల్లల్ని చూసి మండింది.

సర్కారు బడి. ఏడాదంతా ఎవరూ పైసా కట్టక్కర్లేదు. లెక్కల్లో తప్పినవాళ్ళకి వేసవిలో పాఠాలు చెప్పి, మళ్ళీ పరీక్ష పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉచితంగా చెప్పమని అందులో లేదు. ఉత్తర్వులో లేనిదాన్ని ఏరుకోవడంలో హెడ్మాస్టరు దిట్ట. ఫీజు పెట్టాడు. కట్టినవాళ్ళు లోపల బెంచీల మీద, కట్టనివాళ్ళు ఇంటికి. రెండోసారీ తప్పితే ఏడాది పోయినట్టే.

"ఏడాదంతా లెక్కల మాస్టరే లేడు కదండీ. పిల్లలు తప్పక ఏం చేస్తారు?" అని ఒక తాపీమేస్త్రీ అడిగాడు.

"లేనప్పుడు ఊరికే ఉన్నారుగా. ఇప్పుడు మాస్టరున్నాడు. ఉన్నదానికి ఖరీదుంటుంది."

మేస్త్రీ చేతిలోని తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. అతని కొడుకు మాత్రం వెళ్ళలేదు.

ఆ ఉన్న మాస్టరు హెడ్మాస్టరుగారి బావమరిది. పట్టా ఉంది, పని లేదు. ఆ రెండూ కలిపితే వేసవి మాస్టరు. పొద్దున్నే వచ్చి బోర్డు మీద ఒక లెక్క వేసి, దాన్ని మధ్యలో వదిలేసి, జేబులోంచి ఫోను తీసేవాడు.

ఫీజు కట్టనివాళ్ళు వరండాలో కిటికీల కింద బారుగా కూర్చోవడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు వాళ్ళ దగ్గరికి వెళితే గుసగుసలు ఆగిపోయేవి. తలలు వంచుకుని నోటుపుస్తకాల్లోకి చూసేవాళ్ళు.

"చూశావా, పాఠం ఎలా కారిపోతోందో," అన్నాడు అటెండరుతో. "గట్టు తెగిన మడిలాగ. డబ్బు వాళ్ళది, తడి వీళ్ళకి."

"పోనివ్వండి. చెవులేగా వాళ్ళు తెచ్చింది."

"ఆ చెవులకే ఫీజు. నీకు తెలీదు, ఊరుకో."

ఒకనాడు ఆ బారులో ఒక పెద్దపిల్ల కనబడింది. రెండు జడలు, మోకాళ్ళ మీద ఒక చిరుగుల పుస్తకం.

"నువ్వు మన బడి కాదే?"

"పోయినేడు పదో తరగతి అయిపోయిందండి. తమ్ముణ్ణి దింపడానికొచ్చాను." మేస్త్రీ కొడుకు కేసి చూపించింది.

"దింపావుగా. ఇంక నడు. నువ్వు కూడా దొంగచెవి పెట్టాలా?"

పిల్ల లేచి గోడవారకి జరిగింది. ఆయన గదిలోకి వెళ్ళాక మళ్ళీ కూర్చుంది.

వరండా గోడ మీద బొగ్గుతో అంకెలు కూడా కనబడ్డాయి. లోపల బోర్డు మీది లెక్కే. అంకె పొల్లు పోకుండా ఎత్తుకొచ్చారనుకున్నాడు. అటెండరు చేత తుడిపించాడు.

వారం వారం పెట్టే పరీక్షల్లో లోపలివాళ్ళకి మాత్రం మంచి మార్కులే వస్తున్నాయి. హెడ్మాస్టరు బావమరిది భుజం తట్టాడు. "నీలో ఇంత సరుకుందనుకోలేదురా."

బావమరిది కూడా అనుకోలేదు.

ఒక్కటే చిరాకు. బోర్డు ముందు బెంచీలు ఖాళీగా పెట్టి, అందరూ కిటికీ గోడకి బల్లుల్లా అతుక్కుంటున్నారు. ఎందుకని అడిగితే, "గాలికండీ," అన్నారు.

ఇంతలో విద్యాశాఖ ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తానని కబురు పంపాడు. ఈ ఫీజు పద్ధతి ఇక్కడ ఫలిస్తే అన్ని బళ్ళలోనూ పెడతారట. వాటన్నిటి మీదా ఒక పెద్ద కావాలట. ఆ కుర్చీ ఎవరిదో హెడ్మాస్టరుకి వేరే చెప్పక్కర్లేదు. అప్పుడే కొత్త హోదా కింద సంతకం ఎలా ఉంటుందో చిత్తుకాగితం మీద పెట్టి చూసుకున్నాడు. కిటికీ కింద ఈ సంత ఆఫీసరు కంటబడితే ఏమనుకుంటాడు? ఊరికే దొరికేదానికి వీళ్ళు డబ్బెందుకు కట్టారనుకోడూ?

వడ్రంగిని పిలిపించి కిటికీలన్నీ మూయించి మేకులు కొట్టించాడు.

"లోపల ఉడికిపోతారండీ," అన్నాడు వడ్రంగి.

"కట్టినవాళ్ళు ఓర్చుకుంటారు. కారకుండా ఉండటం ముఖ్యం."

వారం గడిచింది. లోపలి పిల్లల చొక్కాలు వీపులకి అంటుకుపోయాయి. బయటివాళ్ళు మూసిన కిటికీల కింద అలాగే కూర్చున్నారు. చూసి హెడ్మాస్టరు నవ్వుకున్నాడు. ఇక చెక్కని వినండి.

ఆఫీసరు వచ్చాడు. కుర్చీ వేయబోతే వద్దని, తానే సుద్దముక్క అందుకుని ఆ వారం పాఠంలోంచి చిన్న లెక్క ఒకటి వేశాడు. ఎవరూ కదల్లేదు. అంతకంటే తేలికైనది ఇంకోటి వేశాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బావమరిది తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

హెడ్మాస్టరు గబగబా మార్కుల పుస్తకం తెరిచాడు. కుర్చీ కళ్ళముందే జారిపోతోంది. "మంచినీళ్ళు తాగినట్టు చేసేవాళ్ళండి. పోయిన వారందాకా వీళ్ళ మార్కులు చూడండి."

ఆఫీసరు మార్కులు చూశాడు. నిజమే. ముందు బెంచీలో ఉన్న కిరాణాకొట్టువాళ్ళ అమ్మాయిని లేపాడు.

"ఇంత బాగా చేసినదానివి, ఇప్పుడేమైందమ్మా?"

"కిటికీలు మూసేశారండి."

హెడ్మాస్టరుకి ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి సార్. ఉక్కపోత. గాలాడక బుర్రలు పనిచెయ్యడం లేదు. ఇప్పుడే తెరిపిస్తాను."

ఆ పిల్ల ఆయన్ని చూసి, ఆఫీసర్ని చూసి, మెల్లగా అంది.

"గాలికి కాదండి, బయటివాళ్ళకి మేస్త్రీగారబ్బాయి అక్క చెప్పే పాఠం ఇప్పుడు మాకు వినబడటం లేదు."