బొటనవేలి తాడు

సాయంత్రం ఆరయ్యేసరికి గాజువాకలో ఆ అపార్ట్‌మెంటు గోడలు ఇళ్లలోని చప్పుళ్లన్నీ పీల్చేసుకుంటాయి. కింద హాల్లో కూర్చున్న సుధన్వ అనే కళాకారుడు వాటిని అక్కడికక్కడే కరిగించి, పొగలాంటి సంగీతంగా మార్చి, మళ్లీ గోడల్లోంచే అన్ని ఇళ్లలోకీ వదులుతాడు. ఇప్పుడు ఊళ్లో ఏ భవనం చూసినా ఇదే వరస.

మూడో అంతస్తులో ఉండే పైడమ్మకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. కచేరీ జరిగే రెండు గంటలూ పొయ్యి మీద తాలింపు చిటపటలు వినబడవు. పక్కగదిలో పాప ఏడ్చినా వినబడదు. అందుకే పాప కదిలితే తెలిసేలా చీర ఉయ్యాలకు తాడు కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని వంట చేస్తుంది. నిన్న ఆ ముడి ఊడిపోయింది. వెళ్లి చూసేసరికి పాప ఏడ్చి ఏడ్చి, గొంతు బొంగురుపోయి వెక్కుతోంది.

ఇవాళ కచేరీ మొదలుకాకముందే దిగివెళ్లి సుధన్వను నిలదీసింది.

అతని మొహం వెలిగిపోయింది. “నిన్నటి ఆ ఏడుపు మీ పాపదాండీ? ఎంత బాగా వచ్చిందో! అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇవాళ కూడా అదే కావాలంటున్నారండీ.”

“నా పిల్ల ఏడుపు అందరికీ ఇనబడింది, నాకు తప్ప. అంతేనేటి బాబూ?”

పైకెళ్లి ఉయ్యాలనూ పాపనూ తెచ్చింది. ఉయ్యాలను హాల్లోని కొక్కేనికి వేలాడదీసి, తాడు కొసను సుధన్వ బొటనవేలికి బిగించి ముడేసింది.

“ఏడుపు మీకే కావాలి గదా, ఊపడం కూడా మీరే ఊపండి.”

తాడు కదిలినప్పుడల్లా సుధన్వ కాలు ఆడించాడు. పాప హాయిగా నిద్రపోయింది.

ఇవాళ కచేరీలో పస లేదని అపార్ట్‌మెంటంతా విసుక్కుంది.