అగ్గిపుల్లంత చిల్లు

"ముందు ఆ డ్రిల్లింగ్ మెషీను కింద పెట్టు. నా బండికే చిల్లు పెడతావా?"

ఇంటి గచ్చు మీద నిలిపిన పికప్ ట్రక్కు ముందు మామగారు రెండు చేతులూ బారజాపి నిలబడ్డారు. ఓ పక్కన కొడుకు, ఎదురుగా కొత్త కోడలు. పెళ్ళయి నెల తిరగలేదు. చెంప మీద గ్రీజు మరక, కళ్ళలో 'పెట్టి తీరతాను' అన్న పంతం.

"అగ్గిపుల్లంత చిల్లే మామయ్యా. అదీ బండి బాగు కోసమే."

"నిన్న వానలో, ఎత్తు మీద బస్సును దాటబోయి బండిని దడదడలాడించింది నువ్వు. తప్పు బండిదా? ఆడలేనమ్మ మద్దెల ఓడందట! తాళంచెవి ఇక నా జేబులోనే ఉంటుంది. మొక్కలు మీ ఆయన చేరవేస్తాడు. నువ్వు నర్సరీలో కుండీలు సర్దుకో."

కుండీలు! కోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఈ ఇంటికి వచ్చాక ఆమె మురిసిపోయేదల్లా ఒక్కదానికే. పొద్దున్నే వెనకాల మొక్కలు తలలూపుతుంటే, అద్దం దించి, పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టుకుని ఆ బండి నడపడం. మొగుడి తర్వాత ఆమె మనసు పారేసుకున్నది దాని మీదే. ఒకవేళ మొగుడికన్నా ముందేనేమో కూడా. ఆ సంగతి అతనికి ఇంకా చెప్పలేదు.

"వణికింది నా చెయ్యి కాదు, ఇంజను," అంది. "టర్బో గాలిని నొక్కి పంపుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికే ముందు ఈ ఇంటర్‌కూలర్. వానాకాలం గాలి నిండా తేమే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి బయట చెమట పట్టినట్టు, దీనికి లోపల పడుతుంది. మెల్లగా వెళ్తున్నంతసేపూ ఆ నీళ్ళు అడుగున చేరతాయి. ఒక్కసారి గట్టిగా తొక్కామా, ఇంజను గాలితోపాటు వాటినీ గుటకేసి పొలమారుతుంది. అడుగున చిన్న చిల్లుంటే ఎప్పటికప్పుడు చుక్క చుక్కగా కారిపోతాయి."

"నీళ్ళు చేరవు."

"చేరతాయి."

"ఈ బండిలో చేరవంటే చేరవు!"

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

మామగారు ఏదో అనబోయారు. గుమ్మం వైపు చూసి ఆ మాట మింగేశారు. "వారంటీ పోతుంది. అది తీరేదాకా బండి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వనని మీ అత్తయ్యకి మాటిచ్చాను."

గుమ్మంలోంచి అత్తగారు తడిగుడ్డ కర్రతో తొంగిచూసింది. "ఆ రామాయణమేదో గచ్చు దిగి చెప్పుకోండి. ఇప్పుడే తుడిచాను. ఒక్క అడుగు మరక కనపడిందో, ముగ్గురి చేతా తుడిపిస్తాను!" అని లోపలికి వెళ్ళిపోయింది.

మొగుడు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నలుగుతున్నాడు. "నాన్నా, పోనీ ఒకసారి చూడనిస్తే..."

"నువ్వు మాట్లాడకు!"

"ఏమోయ్, పోనీ నువ్వే రేపటిదాకా..."

"నువ్వు అసలే మాట్లాడకు!" అంది కోడలు. మళ్ళీ మామగారి వైపు తిరిగింది. "పందెం, మామయ్యా. చిల్లు పెడతాను. నీళ్ళు కారకపోతే జన్మలో ఆ తాళంచెవి అడగను. కారితే అది నాది."

"పందెమూ లేదు, గిందెమూ లేదు. బండి కింద దూరకు! అమ్మాయ్, చెబుతున్నాను!"

"మీరు చెబుతూ ఉండండి. నేను దూరుతూ ఉంటాను."

పాత అట్టముక్క పరుచుకుని, టార్చిలైటు నోట కరుచుకుని, వెల్లకిలా కిందికి జారిపోయింది. మామగారు చెవులు మూసుకున్నారు. కానీ మెషీను మోగలేదు. కాసేపటికి కిందనుంచి గొంతు మాత్రం వినిపించింది.

"మామయ్యా, ఇక్కడ చిల్లు ఎవరో ఎప్పుడో పెట్టేశారు!"

మామగారు గబుక్కున బంపరు పక్కన చతికిలబడ్డారు. "అరవకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను! బండి కొన్న కొత్తలో నా చేతిలోనూ ఇలాగే పొలమారింది. మీ అత్తయ్య ఇంట్లో లేనప్పుడు నేనే పెట్టాను. చిల్లుండగా నీళ్ళెలా చేరతాయి? అందుకే తప్పు నీదేనన్నాను."

"మీ మద్దెల ఓడేలెండి. కాకపోతే ఆ ఓటిని ఎవరో పూడ్చేశారు. బూడిదరంగు ముద్ద, రాయిలా ఉంది."

"పూడ్చారా!" మామగారు నిజంగానే నోరు తెరిచారు.

మెషీను గిర్రుమంది. ముద్ద పొడిపొడిగా రాలింది. దాని వెనకే నూనె వాసన కొడుతూ సన్నటి నీళ్ళ ధార. కోడలి మోచేతి మీదుగా జారి, తళతళలాడే గచ్చు మీద మడుగు కట్టింది. బండి కింద ఆమె చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఆ తర్వాత బంపరు కిందనుంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది, అరచెయ్యి చాచుకుని.

మామగారు జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టారు. "మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు," అని గొణిగి, మొక్కలు ఎక్కించడానికి కొడుకుని లాక్కుపోయారు.

కోడలు తాళంచెవిని గుండెకి హత్తుకుని ఇంకా నవ్వుకుంటూనే ఉంది. ఇంతలో బండికి అటుపక్క తడిగుడ్డ కర్ర వచ్చి ఆగింది. అత్తగారు నేలకు తల ఆనేంతగా వంగి మడుగును చూసింది, రాలిన ముద్దను చూసింది, చుట్టూ ఒకసారి చూసి గుసగుసగా అంది:

"మీ మామయ్యకి మాత్రం చెప్పకమ్మా... గచ్చు తుడుస్తుంటే బండి కింద చుక్కలు కనిపించాయి. ప్రాణంలా చూసుకునే బండికి చిల్లు పడిందంటే తట్టుకోలేరని, వంటింటి కుళాయికి పూయగా మిగిలిన ముద్ద పెట్టి నేనే పూడ్చాను!"