అసలు ఫొటో భద్రం

భర్త పదో రోజు కార్యం ముగిసిన మర్నాడు, కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చిన వకుళ గోడ ముందు ఆగిపోయింది. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ గోడే తెర, ఫొటోలు అందులోనే ఉంటాయి, వాటి మీద పడ్డ దుమ్ము కూడా గోడే తుడుచుకుంటుంది. పెళ్లి ఫొటోలో ఆమె నుదుట బొట్టు లేదు, మెడలో తాళి లేదు.

“ఇదేం పని శేషూ?” అని మరిదిని నిలదీసింది.

“అమ్మే మార్చమంది వదినా. ఏదీ చెరిపెయ్యలేదు, పైన ఒక పొర వేశామంతే. అసలు ఫొటో కింద భద్రంగా ఉంది.”

“అయితే ఆ పొర తీసెయ్యి.”

“నలుగురూ వచ్చిపోయే ఇల్లు కదా, ఎలా తీస్తాం?”

వకుళ పక్క ఫొటో వైపు చూసింది. అందులో ఐదేళ్ల వకుళ పలక పట్టుకుని నవ్వుతోంది. బడిలో వేసిన రోజు వాళ్లమ్మ తిలకంతో దిద్దిన బొట్టు ఆ నుదుటి మీదా లేదు.

“అప్పటికి మీ అన్నయ్యెవరో కూడా నాకు తెలీదు కదయ్యా!”

“ఒక్కదాంట్లో మారిస్తే మీ ఫొటోలన్నిట్లోనూ మారిపోతుంది వదినా,” అన్నాడు శేషు, తలెత్తకుండా.

వకుళ దేవుడి గదిలోంచి కుంకుమ తెచ్చి ఆ పిల్ల నుదుట అద్దింది. గోడ దాన్ని మరకనుకుని శుభ్రంగా తుడిచేసింది.