మీటరు పుల్ల

“ఏడేసి సార్లు కడుగుతున్నాను మేడం,” అంది ల్యాబులో సీసాలు కడిగే ఆవిడ.

“మరి సీసాలోకి ఉప్పెలా వస్తోంది? ఈ జిగురంతా కంటికి కనబడని పొడవాటి గొలుసులు. మంచినీళ్లలో బారుగా సాగి ఉంటాయి, అందుకే జిగురు చిక్కగా ఉంటుంది. చిటికెడు ఉప్పు తగిలితే చాలు, ముడుచుకుపోతాయి, జిగురు పల్చబడుతుంది. మూడు వారాల నా పని నీళ్లపాలు.”

నిన్నటి మీటింగులోనూ మేడం ఇదే అంది. “కడిగేవాళ్లకి శ్రద్ధ లేకపోతే నేనేం చెయ్యను?” పదిమందీ సీసాలు కడిగే ఆవిడవైపే చూశారు.

తేడా ఏమిటో కళ్లకు కట్టినట్టు చూపించాలని, ఇవాళ మేడం ఎవరూ కడగని కొత్త సీసా తీసి జిగురు పోసింది. చిక్కదనం కొలిచింది. సరిగ్గానే ఉంది. అలవాటుగా పులుపు కొలిచే పీహెచ్ మీటరు పుల్లను అందులో ముంచి, అంకె కుదురుకునేదాకా వదిలేసింది. తర్వాత మళ్లీ చిక్కదనం కొలిచింది.

సగానికి పడిపోయింది.

“ఆ పుల్ల మీద రోజూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది మేడం,” అంది ఆవిడ. “నేనే తుడుస్తాను. మీకు తెలుసనుకున్నాను.”

తెలుసు. పుల్ల నిండా ఉప్పునీళ్లేననీ, కొసనుంచి కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటాయనీ ఏటా విద్యార్థులకు పాఠం చెప్పేది తనే.

మేడం కుర్చీలో ముడుచుకుపోయింది. “తప్పు నాదే అక్కా.”

ఇన్నేళ్లలో అక్కా అని పిలవడం అదే మొదలు.

ఆవిడ సీసా అందుకుని సింకువైపు తిరిగింది.

“నిన్న పదిమందిలో అన్నారు కదా మేడం. ఇప్పుడు గదిలో మనిద్దరమే ఉన్నాం.”