వెలుగుండగానే ఇంటికి

"ఈ రోజు ఒక్కడు కూడా ఓవర్‌టైం చెయ్యడానికి వీల్లేదు. చేసినట్టు తెలిస్తే ఊరుకునేది లేదు," అన్నాడు మేనేజరు.

మూతల మిషను ఆపరేటరు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. తర్వాత సంగతి తెలిసింది. పనిగంటలు తనిఖీ చేసే అధికారులు వస్తున్నారట. వాళ్లు టీ తాగి వెళ్లేదాకా ఆ ఫ్యాక్టరీలో అందరూ వేళకు ఇంటికి పోయేవాళ్లే.

ఆ రంగుల డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించే పనికి ఒకప్పుడు ముగ్గురుండేవారు. ఒకడు మానేశాడు. ఒకడిని మాన్పించారు. ఆ ఇద్దరి పనీ ఇతని నెత్తిన పెట్టి, దానికి ఓవర్‌టైం అని ముద్దుపేరు పెట్టారు. గేటు బయట 'ఉద్యోగాలు ఖాళీ లేవు' అనే బోర్డు మాత్రం ఏటా కొత్త రంగు వేయించుకుంటోంది. ముగ్గురి చోటులోనూ ఇతనొక్కడే నిలబడి ఉంటే ఖాళీ ఎక్కణ్ణుంచి వస్తుంది పాపం.

అయినా ఇవాళ అతనికి మేనేజరు మీద కోపం రాలేదు. మనసంతా కొడుకు మీదే ఉంది. మొన్న డ్యూటీకి బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబెట్టేసింది. ప్యాకింగు సెక్షన్లో ఆవిడదీ ఇదే బతుకు. కానీ ఆవిడను పిల్లాడు గుర్తుపడతాడు.

"మీ ఫొటో చూపించి ఎవరమ్మా అంటున్నాడు వాడు. మెలకువగా ఉన్నప్పుడు ఒక్కసారి కనబడండి. తర్వాత మీరే ఏడుస్తారు," అంది.

అందుకే దారిలో రబ్బరు బంతి కొన్నాడు. క్వార్టర్స్ వీధిని పగటి వెలుగులో చూసి ఎన్నాళ్లయిందో. బారులు తీరిన మేడలు, అన్నిటికీ ఒకే పసుపు రంగు, ఒకే పచ్చ తలుపులు. మన వీధి ఇంత బాగుంటుందా అని ముచ్చటపడ్డాడు. రోజూ మెట్ల దగ్గర కొట్టుకుంటూ వెలిగే ట్యూబులైటు కింద నుంచి పైకెక్కేవాడు. పగలు కదా, ఇప్పుడది వెలగడం లేదు. హుషారుగా ఎక్కేశాడు.

తలుపు తీసే ఉంది. ఒక పెద్దావిడ కూర్చుని కూరగాయలు తరుగుతోంది. పిల్లాణ్ణి చూసుకోవడానికి తన పిన్ని వచ్చిందని భార్య చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆవిడ వచ్చి చాలా రోజులే అయినా, ఇతనికి ఇంతవరకూ దుప్పటి ముసుగు తప్ప మొహం కనబడలేదు.

"బాగున్నారా అత్తయ్యగారూ?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని గబగబా లేచింది. "మీరా అల్లుడుగారూ! వచ్చిన దగ్గర్నుంచి గుమ్మంలో మీ చెప్పులు చూడడమే గానీ మిమ్మల్ని చూసిన పాపాన పోలేదు. కూర్చోండి, టీ పెడతాను. అమ్మాయి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు."

కిటికీలకు కొత్త పరదాలు. కుర్చీ ఉండాల్సిన చోట బీరువా. ఇల్లు ఇంతగా మారిపోయినా తనకు తెలియనందుకు అతనికి సిగ్గేసింది. అడిగితే భార్య 'ఎప్పుడో చెప్పాను, మీరు నిద్రలో ఊఁ కొట్టారు' అంటుంది. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాడు.

పక్కగదిలోంచి పిల్లాడు తొంగిచూశాడు. ఎంత పొడుగయ్యాడో. రోజూ పడుకుని ఉండగానే చూడడం వల్ల ఎత్తు సంగతి పట్టలేదు.

"రా చిన్నా," అన్నాడు.

వాడు తలుపు వదల్లేదు. "నువ్వు మా నాన్నవా?"

అతని గుండె కలుక్కుమంది. "అవును నాన్నా."

"ఫొటోలో మీసం ఉందిగా?"

"అది పెళ్లినాటి ఫొటో రా. మీసం దిద్దుకునే తీరిక లేక ఎప్పుడో తీసేశాను."

వాడు కాసేపు ఆలోచించి, పెద్దవాళ్లు చెప్పాక ఒప్పుకోక తప్పదన్నట్టు తలాడించాడు. మిగిలిన అనుమానం బంతి తీర్చేసింది.

ఆ తర్వాత అతను గుర్రమయ్యాడు, ఏనుగయ్యాడు, ఆఖరికి వాడి హుకుం మీద లారీ కూడా అయ్యాడు. మోకాళ్లు పీకుతున్నా ఆగలేదు. ఫ్యాక్టరీలో ఇంతకంటే తక్కువ పనికే సణుక్కునేవాడు. ఆడి ఆడి పిల్లాడు అతని ఒళ్లో వాలిపోయాడు.

"రేపు కూడా వస్తావా నాన్నా?"

"వస్తాను. మేనేజరు కాదు, వాడి బాబు అడ్డమొచ్చినా వస్తాను."

పెద్దావిడ టీ గ్లాసు అందిస్తూ కొంగుతో కళ్లొత్తుకుంది. "మిమ్మల్నిద్దర్నీ ఇలా చూస్తే అమ్మాయి ఎంత మురిసిపోతుందో."

అతని కళ్లూ తడిశాయి. ఇక ఆ ఉద్యోగం ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే అనిపించింది.

జేబులో ఫోను మోగింది. భార్యే. పిల్లాడు తనను నాన్నా అని పిలిచిన సంగతి ముందుగా తనే చెప్పాలని, వాడి తల నిమురుతూ ఆత్రంగా ఎత్తాడు.

"ఓవర్‌టైం లేదట కదా, ఎక్కడ తిరుగుతున్నారండీ, నేనూ పిన్నీ చిన్నాగాడూ ముగ్గురం ఇందాకట్నుంచి మన గుమ్మంలోనే నిలబడి మీకోసం చూస్తున్నాం," అంది భార్య.