ఇంకొక్కటి చూద్దాం తాతా

“తాతా, ఆ ఫోను జేబులో పెట్టి ఇట్రా! మొసలి నోరు తెరిచింది!”

వాణి చెయ్యి పట్టి లాగేసరికి సమాధానం తాతకు ఫోను జేబులో వేసుకోక తప్పలేదు. పొద్దుటి నుంచీ ఇదే వరస. ఆయన ఫోను బయటికి తీయడం, మనవరాలు ఏదో ఒకటి చూపించి లాక్కుపోవడం. తీరా చూస్తే గిండీ పాముల పార్కులో మొసళ్ళన్నీ ఎండకు కదలకుండా పడి ఉన్నాయి.

“యాడ తెరిచిందే?”

“ఇప్పుడే మూసేసింది. పద, కొండచిలవ కాడికి పోదాం.”

తమ ఊరు ఇందుకూరుపేటలో రొయ్యల గుంట గట్టున నీళ్ళపాము కనబడితేనే ఊరు లేచిపోయేలా అరిచే పిల్ల ఇది. చెన్నై గాలి తగిలి ధైర్యం వచ్చినట్టుంది అనుకున్నాడు సమాధానం. ఏమైతేనేం, పిల్లల ధ్యాస ఆస్పత్రి మీదికి పోవడం లేదు. అందుకు దేవుడికి స్తోత్రం.

ఆ ఆస్పత్రిలో ఆయన కూతురు క్యాథరిన్‌కు కడుపులో గడ్డ తీస్తున్నారు. పెద్ద ఆపరేషనే. ఊళ్ళో చూసుకునేవాళ్ళు లేక పిల్లలిద్దరినీ వెంట తెచ్చారు. అమ్మకు ఏవో పరీక్షలు చేస్తారని మాత్రమే వాళ్ళకు చెప్పారు. పొద్దున గేటు దగ్గర అల్లుడు రాజ్ కుమార్ ఆయన్ని పక్కకు పిలిచాడు.

“మామా, సాయంత్రందాకా పిల్లోళ్ళకి ఊరు చూపించండి. లోపల ఏం జరుగుతుందో వాళ్ళకి తెలియనీబాకండి. అయిపోగానే నేనే ఫోన్ చేస్తా.”

తర్వాత వంగి వాణి చెవిలో కూడా ఏదో చెప్పాడు. అది పెద్దమనిషిలా తల ఊపింది. తాత మాట వినమని చెప్పి ఉంటాడు.

ఒప్పుకున్నాడే గానీ, ఇది తన వల్ల అయ్యే పనేనా అని సమాధానానికే అనుమానం. ఆయనకు కన్నీళ్ళు మహా చవక. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, నోరు విప్పకముందే ఏడుస్తాడు. పెళ్ళిలో ఏడుస్తాడు, దూడను అమ్మినా ఏడుస్తాడు. పైగా భార్య ఆనందకుమారి ఇలాగే ఆపరేషన్ గదిలోకి నవ్వుతూ వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇప్పుడు కూతురు. ఒక్క చుక్క రాలిందా, పిల్లలకు అంతా తెలిసిపోతుంది. ప్రభువా, ఈ ఒక్కరోజూ నా కళ్ళకు తాళం వెయ్యి అని లోలోపల మొక్కుకుంటూ తిరుగుతున్నాడు.

మెట్రో రైలెక్కారు. ఏసీ చల్లదనానికి కూర్చోగానే ఆయనకు కూతురి మొహం కళ్ళముందు ఆడింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“తాతా, దిగి ఆ కదిలే మెట్లు ఇంకోసారి ఎక్కుదామా?” అంది వాణి.

ఆరేళ్ళ జడ్సన్ మూలిగాడు. “అక్కా, నాకు కాళ్ళు...”

వాణి వాడి వంక చూసింది.

“కాళ్ళు బాగున్నాయి,” అన్నాడు వాడు, లేచి నిలబడి.

ఎగ్మూరు మ్యూజియంలో తిమింగలం ఎముకల గూడు ముందు వాడు నోరు వెళ్ళబెట్టాడు. “తాతా, మన మైపాడు సముద్రంలో ఇది వలలో పడితే?”

“వల కాదు నాయనా, పడవే పోతుంది!”

సమాధానం పకపకా నవ్వాడు. నవ్విన తర్వాత, ఇంత కష్టంలోనూ నవ్వించినందుకు ఆ పసివాడి తల నిమిరాడు.

మధ్యాహ్నం హోటల్లో అసలు చిక్కు వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పెద్దవాళ్ళు అన్నం మాని ఉపవాస ప్రార్థనలో ఉండడం వాళ్ళ ఆనవాయితీ. ఫోను వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టకూడదని ఆయన పొద్దున్నే తీర్మానించుకున్నాడు.

“మీరు తినండమ్మా. నాకు ఆకలి కాలేదు.”

“షుగర్ మాత్ర ఏసుకున్నావు గదా! నువ్వు తినకపోతే మేమూ తినం,” అని వాణి తన పళ్ళెం వెనక్కి నెట్టింది. తమ్ముడూ నెట్టాడు.

ఇంకా బిగుసుకుంటే పిల్లలు పసిగడతారు. సమాధానం ఓడిపోయి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

ఆ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చిన్నవాడిదే. జడ్సన్ కళ్ళు మూసుకున్నాడు. “తండ్రీ, ఈ ఆహారం దీవించు. నాన్నని దీవించు. తాతని దీవించు. అక్కని దీవించు...” అని ఆగి, ఒక కన్ను తెరిచి అక్కను చూశాడు. “మా కోళ్ళని, కుక్కపిల్లని దీవించు. యేసు నామంలో, ఆమెన్.”

రోజూ అమ్మతో మొదలుపెట్టేవాడు ఇవాళ అమ్మ పేరే ఎత్తలేదు. మొసళ్ళ సందడిలో పడి మరిచిపోయాడు పిచ్చి సన్నాసి. సమాధానం గుండె తేలికపడింది. ఉపవాసం చెడినందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం మెరీనాలో ఇసుక మీద చేరారు.

“ఇదీ మన మైపాడు సముద్రమే గదా తాతా?”

“అవునమ్మా. ఇట్నే ఉత్తరానికి పోతే మన ఇల్లే.”

జేబులో ఫోను మోగింది. ఈసారి వాణి లాగలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“మామా, బాగా జరిగింది. గడ్డ మొత్తం తీసేసినారు. భయం లేదన్నారు. క్యాథరిన్ కళ్ళు తెరిచి మిమ్మల్నే అడిగింది.”

సమాధానానికి కళ్ళ తాళం ఊడిపోతోందని తెలుస్తూనే ఉంది. “మీ నాన్నే తల్లీ, మాట్లాడు,” అని ఫోను వాణి చేతిలో పెట్టి, గబగబా నీళ్ళలోకి నడిచాడు. పిల్లలకు వీపు చూపించి, పొద్దుటి నుంచీ ఆపుకున్నదంతా కార్చేశాడు. కూతుర్ని బతికించినందుకు, ఆ డాక్టర్ల చేతుల కోసం, చల్లటి మెట్రో కోసం, నోరు తెరవని మొసలి కోసం కూడా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. పిల్లలకు ఏమీ తెలియకుండా రోజు గడిపించినందుకు మరీ మరీ చెప్పుకున్నాడు.

అల వెనక్కి పోయి కాస్త సద్దుమణిగినప్పుడు, వెనక నుంచి వాణి గొంతు వినబడింది.

“నాన్నా, నువ్వు చెప్పినట్టే అమ్మ ఆపరేషన్ అయ్యేదాకా తాతని ఏడవనీలేదు మేం.”